క్యాసెట్లు మావే, పాటలు ఎవరివి? – నా అనుభవం

ఉత్తరాంధ్ర జానపద కళారూపాలను 1978 నుంచి 1994 వరకు ఊరూరా తిరిగి రికార్డు చేసిన ఒక తెలుగు అధ్యాపకుడి క్యాసెట్లు, నోటు పుస్తకాలు, ఫొటోలు ఆయన మరణానంతరం విశాఖపట్నంలోని మా ట్రస్టు గ్రంథాలయానికి వచ్చాయి. వాటిని డిజిటల్ రూపంలోకి మార్చి ఇంటర్నెట్‌లో అందరికీ వినిపించాలన్నది ట్రస్టు సంకల్పం. గ్రంథాలయ ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఆ పని అప్పగించారు. సాంకేతికమైన పని అనుకున్న గడువుకు కాస్త అటూ ఇటుగా ముగిసింది. వినిపించే అధికారం మనకు ఎవరిచ్చారన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మాత్రం అంతకు ఎన్నో రెట్లు కాలం పట్టింది. ఇలాంటి సేకరణలు మన జిల్లాల్లో చాలా ఇళ్లలో అటకల మీద ఉన్నాయి కనుక, ఆ జవాబు మాకు ఏ దారిన దొరికిందో, ఎక్కడ దొరకలేదో వివరంగా రాస్తున్నాను.

సేకరణ మా చేతికి రావడానికి ఒక కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుపాను నగరం మీద విరుచుకుపడ్డప్పుడు ఆ ఇంటి పైగది కిటికీలు ఊడిపోయి, కొన్ని పెట్టెలు తడిశాయి. అసలే సముద్రపు గాలికి మాగ్నెటిక్ టేపు బూజు పట్టడం మా ఊళ్లో మామూలు. ఇంకొక వానాకాలం ఇంట్లో ఉంచితే మిగిలేది ప్లాస్టిక్కేనని కుటుంబ సభ్యులు భావించారు. డిజిటల్ ప్రతి తీయడానికైనా అనుమతి కావాలా అన్నది నా మొదటి సందేహం. దీనికి చట్టంలోనే సమాధానం ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉన్న రచనను భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. సెక్షన్ 52లోని ఈ మినహాయింపు లేకపోతే, సగం టేపులు అనుమతుల కోసం ఎదురుచూస్తూనే చెడిపోయి ఉండేవి. అయితే భద్రపరచడం ఒకటి, ప్రజలకు వినిపించడం మరొకటి. రెండో దానికి ఆ మినహాయింపు పనికిరాదు.

ట్రస్టులో చాలామంది అభిప్రాయం సూటిగా ఉండేది: క్యాసెట్లు మనకు దానంగా వచ్చాయి, జానపదం అంటే ప్రజలది, ఇక అడ్డేముంది? ట్రస్టు సభ్యుల్లో ఒకరి కోడలు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది. ఆమె ఒక క్యాసెట్టు చేతికి తీసుకుని, దానిలో ఎన్ని హక్కులు ఉన్నాయో కాగితం మీద రాయమన్నారు. నేను ఎంచుకున్నది అనకాపల్లి ప్రాంతంలో 1986లో రికార్డు చేసిన జముకుల కథ, అంటే జముకు అనే వాద్యం వాయిస్తూ పాడి చెప్పే కథ. ప్లాస్టిక్ డబ్బా, టేపు అనే వస్తువు మాది. ఆ టేపు మీద ఉన్న సౌండ్ రికార్డింగు చట్టం దృష్టిలో వేరే ఆస్తి. దానికి కర్త, రికార్డు చేయడానికి పూనుకుని బాధ్యత వహించిన నిర్మాత, అంటే అధ్యాపకుడు. ఆయన తరువాత ఆయన వారసులు. ప్రధాన కథకుడు, జముకు వాయించిన వ్యక్తి, వంత పాడినవారు, వీరందరూ ప్రదర్శకులు. కథాంశం సంప్రదాయానిది కనుక దానికి యజమాని లేరు. కాని కథకుడు నడుమ స్వయంగా కట్టి చేర్చిన పదాలు ఉంటే, వాటికి అతడే రచయిత. ఆ కథను అక్షరరూపంలో రాసుకుని, అంచుల్లో వ్యాఖ్యలు చేర్చిన నోటు పుస్తకం సాహిత్య రచన. పుస్తకంలో అంటించిన ఫొటో కళాకృతి. ఇన్ని హక్కులున్న వస్తువును మేము ఒకే మాటతో ‘మన క్యాసెట్టు’ అంటున్నాం.

ఆ కాగితం చూసినప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది చట్టం చూపు. కాపీరైట్ చట్టం మైకు పట్టుకున్న మనిషిని స్పష్టంగా గుర్తిస్తుంది. మైకు ముందు కూర్చుని రాత్రంతా పాడిన మనిషిని గుర్తించడానికి దానికి చాలా కాలం పట్టింది. తెరమీద నటించిన నటుడికి తన నటన మీద కాపీరైట్ లేదని 1978లో బొంబాయి హైకోర్టు దేవ్ ఆనంద్ కేసులో చెప్పింది. 1994 సవరణతో, 1995 మే 10 నుంచి మాత్రమే ప్రదర్శకుల హక్కు మన చట్టంలోకి వచ్చింది. అప్పుడిచ్చిన గడువు 25 ఏళ్లు. 1999లో దాన్ని 50కి పెంచారు. ప్రదర్శకులు అంటే ఎవరని చట్టం ఇచ్చిన నిర్వచనంలో నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు, ఉపన్యాసకులు కూడా ఉన్నారు. వంత పాడేవారికి అందులో చోటు లేదని ఎవరూ అనలేరు. సరైన పేరు చెప్పించుకునే హక్కు, పరువుకు భంగం కలిగేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 2012లో సెక్షన్ 38బి ద్వారా చేరాయి.

మా సేకరణ మొత్తం 1995కు ముందుదే. కనుక ప్రదర్శకుల సంతకాలు మనకు అక్కర్లేదని వాదించే వీలుంది. ట్రస్టులో ఆ వాదన వినిపించింది కూడా. న్యాయవాది దాన్ని పూర్తిగా కొట్టివేయలేదు, కాని దాని మీద ఆధారపడవద్దన్నారు. నాకు చట్టం కన్నా వేరే కారణం ముఖ్యంగా తోచింది. పాడినవారి పిల్లలు ఇంకా అవే ఊళ్లలో, కొన్నిచోట్ల అదే వృత్తిలో ఉన్నారు. పాడే నాటికి చట్టం మిమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు కనుక మేమూ తీసుకోమని వాళ్ల ముఖం మీద చెప్పగలిగితేనే ఆ వాదనను వాడుకోవాలని సమావేశంలో అన్నాను. ఎవరూ మారు మాట్లాడలేదు. అన్ని ప్రదర్శనలకూ 50 ఏళ్ల హక్కు ఉన్నట్టే భావించి నడుచుకోవాలని తీర్మానించాం. ఆ లెక్కన 1978 నాటి ప్రదర్శనకు 2028 చివరి వరకు, 1994 నాటి దానికి 2044 చివరి వరకు అనుమతి అడగాలి.

ముందుగా అధ్యాపకుడి కుటుంబంతో మొదలుపెట్టాం. ఆయన భార్య పెద్దావిడ, నేను కాగితాలు తీసుకువెళ్లినప్పుడు, “అన్నీ మీకు ఇచ్చేశాం కదమ్మా, ఇంకా సంతకాలు దేనికి?” అని అడిగారు. పెట్టెలు ఇవ్వడం వేరు, హక్కులు ఇవ్వడం వేరని ఆమెకు చెప్పడానికి, ఉత్తరం మన చేతికి వచ్చినా దాన్ని అచ్చువేయించే హక్కు రాసినవారిదేనన్న సంగతితో ఆరంభించాను; ఆయనకు వచ్చిన ఉత్తరాల కట్టలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి కనుక విషయం వెంటనే అర్థమైంది. కాపీరైట్ కూడా ఆస్తే. వీలునామా లేనప్పుడు అది భార్యకూ పిల్లలకూ కలిపి సంక్రమిస్తుంది. కనుక ఆమె సంతకం ఒక్కటే చాలదు. హైదరాబాదులో ఉన్న కుమార్తె, విదేశంలో ఉన్న కుమారుడు కూడా అంగీకరించాలి.

హక్కులను పూర్తిగా బదలాయించాలా, లైసెన్సు ఇస్తే చాలా అన్న చర్చ వచ్చినప్పుడు సెక్షన్ 19ని శ్రద్ధగా చదివాను. బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ భూభాగానికి అన్నవి అందులో పేర్కొనాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, భూభాగం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనదిగా చట్టం భావిస్తుంది. ఇంటర్నెట్‌కు ఎల్లలు లేవు కనుక ఆ రెండో నిబంధన మాకు నేరుగా తగిలింది. మరొక క్లాజు మరీ ముఖ్యమైనది: పుచ్చుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే, పత్రంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప బదలాయింపు రద్దయినట్టే లెక్క. మేము కుటుంబం దగ్గర హక్కులు తీసుకుని, తరువాత కళాకారులను వెతుక్కుంటూ పోతే ఏడాది ఇట్టే గడిచిపోతుంది. పైగా తండ్రి నోటు పుస్తకాలను గ్రంథంగా తేవాలని కుమారుడికి ఉంది. అందుచేత యాజమాన్యం వాళ్ల దగ్గరే ఉంచి, ప్రపంచమంతటికీ వర్తించేలా, మరొకరికి ఇవ్వడానికి వాళ్లకు అడ్డులేని లైసెన్సు తీసుకున్నాం. ప్రచురితం కాని నోటు పుస్తకాలకు రచయిత మరణించిన తరువాత కూడా, ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. కనుక ఆ కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. ఆయన పనిచేసిన విద్యాసంస్థ రేపు వచ్చి ఇవన్నీ మావి అంటే? అదృష్టవశాత్తు ఆయన లెక్కల మనిషి. సెలవుల్లో చేసిన ప్రయాణాల బస్సు టికెట్లు, సొంత డబ్బుతో కొన్న క్యాసెట్ల రసీదులు పుస్తకాల వెనక అంటించి ఉన్నాయి. వాటి నకళ్లు జతపరిచి అభ్యంతరం లేదని లేఖ కోరితే, ఆ సంస్థలో ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడవడానికి చాలా కాలం తీసుకుంది. చివరికి ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆ వాక్యమే మాకు కావలసింది. సేకర్తలు ఎవరైనా ఉంటే వాళ్లకు నా మనవి: ఖర్చు ఎవరు పెట్టారో, ఏ హోదాలో వెళ్లారో ఆనాడే రాసి పెట్టుకోండి.

అసలైన పని ఊళ్లలో మొదలైంది. సమ్మతి పత్రాన్ని న్యాయవాది మొదట తన అలవాటు చొప్పున రాశారు. చదివితే నాకే ఊపిరాడలేదు. దాన్ని పక్కన పెట్టి, చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో కొత్తగా రాశాం. నాలుగు వేరువేరు గళ్లు పెట్టాం: గ్రంథాలయానికి వచ్చినవారు వినడం, చదువుకునేవారికి ప్రతి ఇవ్వడం, ఇంటర్నెట్‌లో ఉంచడం, సినిమాకో ప్రకటనకో డబ్బు తీసుకుని ఇవ్వడం. ఒకదానికి అవునని రెండోదానికి కాదనవచ్చు. తరువాత మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చన్న వాక్యం కూడా చేర్చాం. సంతకం రాని వారు వేలిముద్ర వేసేటప్పుడు వాళ్ల ఊరి మనిషే సాక్షిగా ఉండాలని, మాతో వచ్చినవారు సాక్షి కాకూడదని నియమం పెట్టుకున్నాం. ఇవన్నీ చట్టం కోరినవి కావు. చట్టానికి రాతపూర్వక అంగీకారం ఉంటే సరిపోతుంది. కాని ఒకే సంతకంతో అన్నీ తీసుకుంటే, సంతకం చేసినవారు దేనికి ఒప్పుకున్నారో వారికే తెలియని స్థితి వస్తుంది.

మనుషులను వెతకడంలో అధ్యాపకుడి అలవాటే మాకు దారి చూపింది. ప్రతి క్యాసెట్టు మీద ఊరు, తేదీ, ప్రధాన కళాకారుడి పేరు రాశారు. వంతల పేర్లు మాత్రం చాలాచోట్ల లేవు. విజయనగరం వైపు తప్పెటగుళ్ల బృందాలను కలిసినప్పుడు, రికార్డింగు వినిపించగానే “ఈ గొంతు మా చిన్నాన్నది”, “ఈ అడుగు వేసింది ఫలానా వాళ్ల పెద్దోడు” అని వాళ్లే పేర్లు చెప్పుకుంటూ పోయారు. తప్పెటగుళ్లలో రేకు తప్పెట గుండెలకు కట్టుకుని వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో చిందులు వేసేవాళ్లు పదిహేను ఇరవై మంది ఉంటారు. యాదవ కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న కళ ఇది. అంతమంది వారసుల సంతకాలు విడివిడిగా తేవడం అసాధ్యమని మొదట అనిపించింది. బృందం పెద్ద ఒక ఆదివారం అందరినీ రామాలయం దగ్గర కూర్చోబెట్టి, మా కాగితాన్ని తానే గట్టిగా చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలన్నారు. ఒకాయన లేచి, తన తండ్రి పేరు లేబులు మీద తప్పుగా పడిందని, అది సరిచేస్తేనే ఒప్పుకుంటానన్నారు. సరిచేశాం. సెక్షన్ 38బి సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగింది మాత్రం అక్షరాలా అదే.

జముకుల కథ కుటుంబం దగ్గర సంభాషణ వేరే తీరున నడిచింది. ప్రధాన కథకుడి మనవడు అనకాపల్లిలో ఆటో నడుపుతాడు. ఎల్లమ్మ కథ రికార్డింగులో తాత గొంతు విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం చేతిలోకి తీసుకుని, “ఈ పాట మా తాతది కాదమ్మా, అమ్మోరిది. మీకు రాసిచ్చీడానికి మేమెవులం?” అన్నాడు. పాటకు కాదు, ఆ రాత్రి మీ తాత దాన్ని పాడిన ప్రదర్శనకు అనుమతి అడుగుతున్నామని చెప్పాను. ఆ తేడా అతనికి తేలికగానే అందింది. ట్రస్టులో కొందరికి దాన్ని వివరించడానికి నేను చాలా కష్టపడ్డాను. అతను ఇంటర్నెట్‌కు ఒప్పుకున్నాడు, కాని ఒక భాగాన్ని మినహాయించాడు. కథలో అమ్మవారిని పిలిచే ఘట్టం ఉంది. అది పండుగ వేళ, నియమంతో పాడవలసిందని, ఎవరో అన్నం తింటూనో బస్సులో కూర్చునో వినడం తగదని అతని మామ్మ గట్టిగా చెప్పింది. ఆ కాస్త భాగం కోసం టేపు మొత్తం దాచనక్కర్లేదని కూడా ఆమే చెప్పింది.

ఇలాంటి కోరికకు కాపీరైట్ చట్టంలో చోటు లేదు. పవిత్రత అన్నది హక్కు కాదు. వారసులు లైసెన్సు ఇస్తే వినిపించవచ్చు, అంతే. అయితే ఈ ప్రశ్న మాకొక్కరికే ఎదురైంది కాదు. ఆస్ట్రేలియాలో టెన్నంట్ క్రీక్ దగ్గర వారుముంగు ఆదివాసుల కోసం ముకుర్తు అనే డిజిటల్ భాండాగార వ్యవస్థను రూపొందించినప్పుడు, ఏ చిత్రం ఎవరు చూడవచ్చో వాళ్ల ఆచారమే నిర్ణయించేలా ఏర్పాటు చేశారు. మన దేశంలోనూ 1982లో ఏర్పడి గురుగ్రామ్‌లో పనిచేస్తున్న ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్స్ (సంప్రదాయ సంగీతపు రికార్డింగులను భద్రపరిచే కేంద్రం) వంటి సంస్థలు చాలా కాలంగా ఈ రకమైన షరతులతోనే సేకరణలను నిర్వహిస్తున్నాయి. మేము వాటి నుంచి ఆలోచన తీసుకుని, ప్రతి రికార్డింగుకూ ‘ఎవరు వినవచ్చు, ఎప్పుడు వినవచ్చు’ అన్న వరుస ఒకటి మా జాబితాలో చేర్చాం. ఎల్లమ్మ కథలో ఆ ఘట్టం ఇంటర్నెట్ ప్రతిలో ఉండదు. ఎందుకు లేదో ఒక వాక్యంలో రాశాం.

అరకు వైపు ఆదివాసుల థింసా ఆట రికార్డింగుల దగ్గర మా పత్రం చాలలేదు. ఇటుకల పండుగ అనే ఆదివాసుల పండుగ రోజుల్లో ఊరి ఆడవాళ్లందరూ చేతులు కలిపి ఆడిన ఆట అది. ఎవరి పేరు రాయాలి? ఒక ఉపాధ్యాయుడి సాయంతో ఊరి పెద్దలను, ఆడవాళ్లను కలిసి కూర్చున్నాం. వాళ్లు కాపీరైట్ గురించి అడగలేదు. “పర్యాటకుల ముందు ఆడితే డబ్బులిస్తారు. మీ దగ్గర వినేవాళ్లు ఏమిస్తారు?” అని ఒక యువతి అడిగింది. మా దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదని, రికార్డింగుల ప్రతులు ఊరికీ బడికీ ఇస్తామని, ఎప్పుడైనా వాటి మీద డబ్బు వస్తే అది ఊరివాళ్లకే చెందేలా రాసిస్తామని చెప్పాను. తమలో చర్చించుకుని, గ్రంథాలయానికీ బడికీ సరేనని, ఇంటర్నెట్‌కు ఇప్పుడు వద్దని చెప్పారు. ఆ నిర్ణయం ట్రస్టు సభ్యులకు రుచించలేదు. సేకరణలో శ్రావ్యంగా వచ్చిన రికార్డింగులు అవే మరి. నాకు మాత్రం అడిగిన తీరు సరైనదేనని అనిపించింది. కాదనే వీలు లేని చోట అవునన్న మాటకు విలువ ఉండదు.

ఇంత తిరిగినా ఆచూకీ దొరకని కళాకారులు ఉన్నారు. ఊరు ఖాళీ అయిపోయిందనో, పేరు సగమే ఉందనో. ఇలాంటి అనాథ రచనలకు చట్టంలో సెక్షన్ 31ఎ అనే దారి ఉంది. కర్త మరణించినా, తెలియకపోయినా, హక్కుదారు దొరకకపోయినా న్యాయస్థానం ద్వారా లైసెన్సు పొందవచ్చు. దానికి ముందు ఆ ప్రతిపాదనను దేశంలో ఎక్కువ భాగంలో చెలామణి ఉన్న ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటించాలి. అనువాదానికి అనుమతి కోరితేనే ఆ భాషాపత్రికలో కూడా ప్రకటించాలన్న నిబంధన వస్తుంది. మాడుగుల దగ్గర ఒక పల్లెలో పాడిన మనిషి బంధువులను ఇంగ్లీషు పత్రికలో వెతకమనే ఈ ఏర్పాటు నాకు వింతగా తోచింది. ఖర్చు, కాలం కూడా మాకు అందుబాటులో లేవు. అందుచేత ఆ టేపులను గ్రంథాలయంలో కూర్చుని వినడానికే పరిమితం చేసి, పేర్లు తెలిసిన మేరకు ఒక జాబితా తయారు చేసి, కొత్త అమావాస్య నుంచి అనకాపల్లి నూకాలమ్మ జాతర జరిగే రోజుల్లో అక్కడికి వచ్చే బృందాలకు చూపించాం. రెండు గొంతులకు పేర్లు అలా దొరికాయి.

అనుమతులు వచ్చిన రికార్డింగులను ఏ షరతులతో బయట పెట్టాలన్నది తరువాతి చర్చ. యువ సభ్యులు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే కొన్ని షరతులకు లోబడి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ముందే అనుమతినిచ్చే లైసెన్సు, పెడదామన్నారు. దాని ఉద్దేశం మంచిదే. కాని ఒకసారి ఇచ్చిన ఆ లైసెన్సును వెనక్కి తీసుకోలేం. మా సమ్మతి పత్రంలోనేమో వెనక్కి తీసుకోవచ్చని రాసిచ్చాం. మనకు లేని హక్కును ఇతరులకు ఇచ్చినట్టవుతుందని చెప్పి ఆ ప్రతిపాదనను నేను వ్యతిరేకించాను. దాని బదులు మేమే ఒక పేజీ షరతులు రాసుకున్నాం. 1982లో యునెస్కో, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ కలిసి రూపొందించిన నమూనా నిబంధనల్లో ఒక సూత్రం ఉంది: సంప్రదాయ సందర్భానికి వెలుపల, లాభాపేక్షతో వాడుకున్నప్పుడు ముందుగా అనుమతి తీసుకోవాలి. అది మాకు సరిపోయింది. ఊళ్లో బృందాలు నేర్చుకోవడానికి, పాడుకోవడానికి మమ్మల్ని అడగనక్కర్లేదు. బయటివారు వ్యాపారానికి వాడితే మమ్మల్నీ, కళాకారుల కుటుంబాన్నీ అడగాలి. ఆ నమూనా ఇన్నేళ్లయినా మన దేశంలో చట్టం కాలేదు. 2024 మే 24న జెనీవాలో కుదిరిన ఒప్పందం జన్యు వనరులకు, వాటితో ముడిపడిన సంప్రదాయ పరిజ్ఞానానికి పరిమితం. పాటలు, ఆటలు దాని పరిధిలోకి రావు.

ఒక సభ్యుడు మధ్యలో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఫలానా ప్రాంతానికి చెందినదిగా ఇచ్చే గుర్తింపు, సంగతి ఎత్తారు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు, అరకు కాఫీకి వచ్చినట్టు తప్పెటగుళ్లకూ తెచ్చుకుంటే రక్షణ ఉంటుంది కదా అని. 1999 నాటి ఆ చట్టం వస్తువులకు వర్తిస్తుంది: పంటలు, సహజ ఉత్పత్తులు, చేతివృత్తుల వస్తువులు, ఆహార పదార్థాలు. ప్రదర్శన వస్తువు కాదు. పైగా అది కాపాడేది పేరును. బొమ్మ ఆకారాన్ని కాదు, పాట వరసనూ కాదు. ఆ చర్చ అంతటితో ముగిసింది.

పేరు ఒక్కటి కాపాడితే చాలదని మాకు బాగా తెలిసివచ్చిన సందర్భం ఇంకొకటి ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టిన కొంత కాలానికి ఒక సంగీత బృందం వారు ఫోను చేసి, ఒక తప్పెటగుళ్ల రికార్డింగులోని చరణాన్ని తమ పాటలో కలుపుకుంటామని అడిగారు. బృందం పెద్దతో మాట్లాడించాం. ఆయన అడిగింది పెద్ద మొత్తమేమీ కాదు. బృందం పేరు, ఊరి పేరు వేయాలని, వచ్చే ఏడాది పండుగకు గజ్జెలు, తప్పెటలు కొనడానికి సరిపడా డబ్బు ఇవ్వాలని. అవతలివారు ఆలోచించి చెబుతామన్నారు. తరువాత ఆ వరసనే తమ గాయకుడితో పాడించి, కొత్తగా రికార్డు చేసి విడుదల చేశారు. న్యాయవాదిని అడిగితే, వాళ్లు మన రికార్డింగును తాకలేదు, పాత వరసకు యజమాని లేరు, కనుక దావా నిలవదన్నారు. బృందం పెద్దకు ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన మాత్రం, “గొంతు మాది ఒగ్గేసి వరస పట్టుకెళ్లారు. వరస ఊరిది గదా, ఊరిని అడిగితే బాగుణ్ణు” అని ఊరుకున్నారు. చట్టం చేతికి అందని భాగం ఎక్కడుందో ఆ ఒక్క ఉదంతంలో నాకు పూర్తిగా కనిపించింది. గొంతుకు, రికార్డుకు, రాతకు, పేరుకు యజమానులున్నారు. తరతరాలుగా దాన్ని నిలబెట్టిన ఊరికి మాత్రం చట్టంలో ఏ హోదా లేదు. ఆ తరువాత మేము చేయగలిగింది ఒకటే: ప్రతి రికార్డింగు పక్కన ఆ వరస ఏ ఊరి బృందం దగ్గర, ఏ తేదీన రికార్డయిందో వివరంగా రాసి ప్రచురించడం. దాంతో తీసుకునేవారిని ఆపలేం. ఎక్కడిదో తెలియక తీసుకున్నామని చెప్పే వీలు మాత్రం ఇక ఉండదు.

సమ్మతిని వెనక్కి తీసుకునే క్లాజు ఉత్తుత్తిదే, ఎవరూ వాడరని ట్రస్టులో అనుకునేవారు. ఒక కుటుంబం వాడింది. పెళ్లి పాటలు పాడిన ఒక పెద్దావిడ మనవరాళ్లు, ఆ పాటల్లోని వియ్యాలవారి మీద వేళాకోళాలను కొందరు ముక్కలుగా కత్తిరించి ఫోన్లలో పంచుకుంటున్నారని, ఇంట్లో ఇబ్బందిగా ఉందని ఫోను చేశారు. ఆ రోజే తీసివేశాం. అప్పటికే బయటికి పోయిన ముక్కలను వెనక్కి తేలేమని వాళ్లకు ముందే చెప్పి ఉన్నాం; ఇప్పుడు పత్రంలో ఆ వాక్యాన్ని ఇంకా పెద్ద అక్షరాల్లో, సంతకానికి సరిగ్గా పైన పెట్టాం.

మిగిలింది ఫొటోల పని. దాని లెక్క వేరు. 2012 వరకు ఫొటోకు రక్షణ ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు. ఆ సెక్షన్‌ను తొలగించాక, మిగతా కళాకృతులకు లాగే తీసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారే మొదటి హక్కుదారు. స్నేహం కొద్దీ తీసిపెట్టిన దానికి తీసినవారే. అధ్యాపకుడి పుస్తకాల్లో రెండు రకాలూ ఉన్నాయి, ఏది ఏదో రసీదులతో సరిపోల్చాలి. పూర్ణా మార్కెట్ దగ్గర ఒకప్పుడు ఉన్న స్టూడియో ముద్ర చాలా ఫొటోల వెనక ఉంది. దాని యజమాని వారసులు ఎక్కడున్నారో తెలిసినవారి ద్వారా కబురు పంపాను. ఫొటోల్లో ఉన్నవారి అనుమతి ఎలా అడగాలన్నది వచ్చే సమావేశంలో మొదటి అంశంగా పెట్టాం.